వుంట్ ల్యాబ్‌తోనే సైకాలజీ సైన్స్ అయిందా? ఆ కాలపు ప్రయోగాలు ఇంట్లో చేసి చూడొచ్చా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఉంది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ఒక ల్యాబ్ గది తెరవగానే సైకాలజీ సైన్స్ ఎలా అయిపోయింది? అప్పటి ప్రయోగాల్లో పెద్ద పరికరాలు లేకుండా మనం చేసి చూడగలిగినవి ఉన్నాయా? మొదటిదానికి జవాబు చిన్నదే. రెండోది చేసి చూస్తే మొదటిది ఇంకా బాగా అర్థమవుతుంది కాబట్టి చోటంతా దానికే ఇస్తున్నాను.

1879 పరీక్షలో రాయడానికి పనికొచ్చే తేదీ. వుంట్ లైప్‌జిగ్‌కు వచ్చింది 1875లో. విద్యార్థుల చేత అక్కడ పరిశోధన చేయించడం మొదలుపెట్టింది 1879లో. యూనివర్సిటీ ఆ ల్యాబ్‌ను అధికారికంగా గుర్తించింది 1883లో. అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1875కే హార్వర్డ్‌లో ప్రయోగాలు చేసి చూపించడానికి ఒక గది సర్దుకున్నాడు. అయినా పేరు వుంట్‌కే దక్కింది. ఆయన దగ్గర గదితో పాటు శిష్యులు, డాక్టరేట్లు, 1881లో మొదలైన సొంత పత్రిక ఉన్నాయి మరి. ఆ శిష్యపరంపర మన దాకా వచ్చింది. 1916లో కలకత్తా యూనివర్సిటీలో సైకాలజీ విభాగం మొదలుపెట్టిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివాడు, మున్‌స్టర్‌బర్గ్ వుంట్ శిష్యుడు. 1924లో మైసూరులో విభాగం పెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ శిష్యుడు, స్పియర్‌మన్ డాక్టరేట్ తెచ్చుకున్నది లైప్‌జిగ్‌లో వుంట్ దగ్గరే. (ఈ గోపాలస్వామిగారే 1935లో మైసూరులో తన ఇంట్లో ‘ఆకాశవాణి’ పేరుతో రేడియో కేంద్రం నడిపారు. ఆ పేరు వెనక ఒక సైకాలజీ ప్రొఫెసర్ ఉన్నాడని చాలామందికి తెలియదు.)

గది సంగతి అలా ఉంచి, అసలు పునాది ఎక్కడంటే: మనసుకు సంబంధించిన ప్రశ్నను, జవాబు అంకెల్లో వచ్చేలా అడగడం నేర్చుకోవడంలో. అది వుంట్‌కు ముందే మొదలైంది. నరంలో కబురు క్షణంలో వెళ్లిపోతుంది, దాని వేగం కొలవడం మనవల్ల కాదనుకుంటున్న రోజుల్లో, 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద కొలిచి చూపించాడు. తేలింది సెకనుకు సుమారు 27 మీటర్లు. మనం ఊహించుకునే మెరుపు వేగం కాదది, ఎక్స్‌ప్రెస్ రైలు వేగం. నరానికే ఇంత టైం పడితే ఆలోచనకూ టైం పట్టాలి కదా! డచ్చి వైద్యుడు డోండర్స్ 1868లో ఆ పని పట్టాడు. ఏ పాదానికి కరెంటు తగులుతుందో ముందే చెప్తే వచ్చే స్పందన ఒకటి, ఎడమో కుడో చెప్పకుండా పెడితే వచ్చేది ఇంకొకటి. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే మిగిలింది సెకనులో పదిహేనో వంతు. ‘ఎడమా, కుడా’ అని తేల్చుకోవడానికి పట్టిన టైం అదేనన్నాడు.

డోండర్స్ ప్రయోగాన్ని ఇంట్లో చేయడానికి రెండు పొడుగు స్కేళ్లు చాలు. స్నేహితుడు స్కేలు పైకొస పట్టుకుంటాడు, మీ వేళ్లు సున్నా దగ్గర తాకకుండా ఉంటాయి, వదలగానే పట్టుకోవాలి. 15 సెం.మీ. దగ్గర పట్టుకుంటే 0.175 సెకను, 20 దగ్గర 0.202, 30 దగ్గర 0.247. తర్వాత రెండు చేతులకు రెండు స్కేళ్లు, ఏది వదులుతాడో చెప్పడు. ఒక్కోటి 20 సార్లు. ఇక్కడ తరచూ జరిగే తప్పు: సెంటీమీటర్లకు సగటు తీసి, ఆ సగటును సెకన్లలోకి మార్చడం. పడే దూరం టైం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ముందు ప్రతి కొలతనూ సెకన్లలోకి మార్చాలి, ఆ తర్వాతే సగటు. రెండో తప్పు, స్నేహితుడు వదిలేముందు గాలి పీల్చడమో, వేలు కదపడమో చేస్తాడు. మీరు స్కేలును కాకుండా అతణ్ణి చూసి పట్టేస్తారు. 10 సెం.మీ. కంటే ముందే దొరుకుతోందంటే, అంటే 0.14 సెకను లోపు వస్తోందంటే, అది స్పందన కాదు, ముందే ఊహించి పట్టడం. ఆ కొలతలు కొట్టేయండి.

బరువుల ప్రయోగం ఇంకా పాతది. లైప్‌జిగ్‌లోనే ఎర్నెస్ట్ వేబర్ 1834లో చెప్పాడు: చేత్తో ఎత్తి చూసినప్పుడు తేడా తెలియాలంటే సుమారు నలభయ్యో వంతు తేడా ఉండాలి. అంటే 400 గ్రాముల డబ్బాకు 10 గ్రాములు. ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాల్లో బియ్యం పోసి, కిచెన్ తూకంతో 400, 404, 408, 412, 416, 420 చేసుకుని, కళ్లు మూసుకుని ఒకే చేత్తో ఒకదాని తర్వాత ఒకటి ఎత్తండి. డబ్బాలు వేరువేరు సైజుల్లో ఉంటే ప్రయోగం పాడైనట్టే, ఒకే బరువున్నా చిన్న డబ్బా బరువెక్కువ అనిపిస్తుంది. బియ్యం గలగలలాడినా చెవి జవాబు చెప్పేస్తుంది, అంచు దాకా గుడ్డ కుక్కండి. ఇంకోటి, రెండోసారి ఎత్తింది చాలాసార్లు కాస్త బరువనిపిస్తుంది. అందుకని 400 డబ్బా సగం సార్లు ముందు, సగం సార్లు వెనక రావాలి. ఈ పొరపాటును పట్టింది జర్మన్ శాస్త్రవేత్త ఫెక్నర్. 1860లో ఆయన పుస్తకం వచ్చింది. బరువులెత్తే ఒక్క ప్రయోగంలోనే 24,576 సార్లు పోల్చి చూసి లెక్క రాసుకున్న మనిషి, ఆయన చెప్తే వినాల్సిందే.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే చేసి తీరాల్సినది ఎబ్బింగ్‌హాస్ ప్రయోగం. జ్ఞాపకం, ఆలోచన లాంటి పై స్థాయి పనులు ప్రయోగానికి లొంగవని వుంట్ వాదన. సరిగ్గా అదే 1879లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ ఏ ల్యాబూ లేకుండా, తన మీదే తను ప్రయోగం మొదలుపెట్టాడు. 1883–84లో మళ్లీ చేసి 1885లో అచ్చు వేశాడు. హల్లు-అచ్చు-హల్లు కూర్పుతో 2,300 దాకా అర్థంలేని ముక్కలు తయారు చేసుకున్నాడు. 13 ముక్కల వరస, అలాంటి వరసలు ఒక విడతకు 8. నిమిషానికి 150 ముక్కల వేగంతో, తప్పు లేకుండా రెండుసార్లు అప్పజెప్పేదాకా చదవడం, కొంత వ్యవధి తర్వాత మళ్లీ అదే వరస నేర్చుకోవడం. ఎంత గుర్తుందని ఆయన అడగలేదు. రెండోసారి నేర్చుకోవడంలో ఎంత పని మిగిలిందని అడిగాడు. దీన్నే పొదుపు పద్ధతి అంటారు.

తెలుగులో చేసేవాళ్లు ఇంగ్లిషు పుస్తకంలోని పద్ధతిని యథాతథంగా దించుకుంటారు, అక్కడే బోల్తా పడతారు. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ‘జీఫ్’, ‘డోబ్’ అని రాసిస్తే నాలుగోసారికి నోరు ‘జీఫు’, ‘డోబు’ అంటుంది. కొందరు అంటారు, కొందరు అనరు, లెక్క కలవదు. కాబట్టి రెండక్షరాల ముక్కలు చేసుకోండి. మొదటి అక్షరం దీర్ఘం, రెండోది ఎత్వం: ‘ఝూపె’, ‘డీఖె’, ‘ఫోణె’ లాగా. చివర ఉత్వం పెడితే సగం ముక్కలు కాలు, వేలు, మూడు, నీరు అని అర్థమున్న మాటలైపోతాయి. ఎత్వంతో ఆ బెడద తక్కువ, అయినా తేనె, నూనె లాంటివి వస్తాయి. 20 హల్లులు, 5 దీర్ఘాలు (ఆ ఈ ఊ ఏ ఓ), మళ్లీ 20 హల్లులు కలిపితే 2,000 ముక్కలు. ఒక్కోటి చీటీ మీద రాసి, వేరే ఇద్దరికి చూపించండి. రెండు సెకన్లలో ఏదైనా మాట తట్టిందంటే ఆ చీటీ తీసేయండి. ఇంటిపేరో, సినిమాలో పాత్ర పేరో తట్టినా అంతే.

ఇంకో చిక్కుంది, ఇది మనకే ప్రత్యేకం. ఈ ముక్కలన్నీ గురువు, లఘువు. అంటే వరస మొత్తం హగణాలే. వేగంగా చదివితే పద్యపాదంలా నడక వచ్చేస్తుంది. నడక ఉండటం తప్పు కాదు, ఎబ్బింగ్‌హాస్ కూడా మూడేసి, నాలుగేసి ముక్కలకు ఒక ఊనిక ఇస్తూ చదివాడు. కాకపోతే రోజూ ఒకే నడక ఉండాలి. ప్రాస, యతి మాత్రం పడనివ్వకూడదు. చీటీలు తీసినప్పుడు పక్కపక్కన ఒకే హల్లుతో మొదలయ్యేవి, ఒకే రెండో అక్షరం ఉన్నవి వస్తే ఒకదాన్ని మార్చండి. అవధాని ధారణ చేసేది ఆ కొక్కేల సాయంతోనే కదా, ఇక్కడ మనకు కావాల్సింది ఆ కొక్కేలు లేని ధారణ.

వరసకు 10 ముక్కలు, రోజుకు 4 వరసలు చాలు. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే యాప్) నిమిషానికి 75 మీద పెట్టండి, ముక్కకు రెండక్షరాలు కాబట్టి అక్షరాలు 150 అవుతాయి. ఒక చదువుకు 8 సెకన్లు. మొదటినుంచి చివరిదాకా అదే వేగం, మధ్యలో ఆగి ఒక ముక్కను నమలకూడదు. చూడకుండా తప్పు లేకుండా వరసగా రెండుసార్లు చెప్పగలిగితే అయిపోయినట్టు. ఎన్ని చదువులు పట్టాయో గీతలు పెట్టుకోండి.

లెక్క ఇలా. మొదటి రోజు 12 చదువులు పట్టాయి, మర్నాడు 8 పట్టాయి అనుకుందాం. (12−8)/12 వేస్తే 33 శాతం. ఇది తప్పు. రెండింటిలోనూ చివరి రెండు సార్లు అప్పజెప్పడమే, నేర్చుకోవడం కాదు. అవి తీసేస్తే 10, 6. పొదుపు 40 శాతం. ఎబ్బింగ్‌హాస్ కూడా అప్పజెప్పిన టైం తీసేసే లెక్క వేశాడు. ఆయనకు వచ్చినవి: దాదాపు 20 నిమిషాలకు 58.2, గంటకు 44.2, తొమ్మిది గంటలకు 35.8, ఒక రోజుకు 33.7, రెండు రోజులకు 27.8, ఆరు రోజులకు 25.4, 31 రోజులకు 21.1 శాతం.

చేసేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది వ్యవధుల దగ్గర. ఒకే వరసను గంటకు, మర్నాడు, ఆరో రోజు చూసుకుంటూ పోతారు. గంటకు మళ్లీ నేర్చుకోగానే అది పాత వరస కాదు, రెండుసార్లు నేర్చిన వరస. మర్నాటి పొదుపు పెరిగి వక్రరేఖ (వ్యవధి పెరిగేకొద్దీ పొదుపు ఎలా తగ్గుతుందో చూపే గీత) పైకి లేస్తుంది. ప్రతి వ్యవధికీ కొత్త వరసలు కావాలి. 20 నిమిషాలు, గంట, రోజు, ఆరు రోజులు, ఈ నాలుగు వ్యవధులకు నాలుగేసి వరసలంటే 160 చీటీలు. మొత్తం అయిదుసార్లు చేస్తే 800. అందుకే చీటీలు వేలల్లో చేసుకోమన్నది. తొమ్మిది గంటల వ్యవధి వదిలేయండి. పొద్దున నేర్చి సాయంత్రం చూసుకోవాల్సి వస్తుంది, సాయంత్రం బుర్ర నెమ్మదిస్తుందని ఎబ్బింగ్‌హాస్‌కూ తేలింది, దానికి వేరే సవరణ చేయాలి. మొదటి నాలుగు రోజుల లెక్కలు కూడా పక్కన పడేయండి. అప్పటిదాకా మీరు వరసలతో పాటు, వరసలు నేర్చుకునే పనిని కూడా నేర్చుకుంటూ ఉంటారు.

ఆ అంకెల్లో తొమ్మిది గంటలకు, ఒక రోజుకు మధ్య తగ్గింది 2.1 మాత్రమే, చూశారా? పదిహేను గంటల్లో అంత తక్కువా అని ఆయనకే అనుమానం వచ్చింది. మధ్యలో రాత్రి నిద్ర ఉంది. 1924లో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల మీద చూస్తే, నిద్రపోయినప్పుడు మర్చిపోయింది మెలకువగా ఉన్నప్పటి కంటే తక్కువ. 2015లో ముర్రె, డ్రోస్ మళ్లీ ఎబ్బింగ్‌హాస్ పద్ధతిలోనే ఒక్క మనిషి మీద చేస్తే వక్రరేఖ దాదాపు అలాగే వచ్చింది.

‘చదివినదాంట్లో ఒక రోజులో 66 శాతం మర్చిపోతాం, ఎబ్బింగ్‌హాస్ చెప్పాడు’ అని కోచింగ్ సెంటర్ల పోస్టర్ల మీద కనిపించేది ఈ 33.7ను తిరగేసి రాసినదే. ఆయన కొలిచింది అర్థంలేని ముక్కలను, అదీ మళ్లీ నేర్చుకోవడంలో మిగిలిన శ్రమను. ఒక్క ముక్కా గుర్తు రాకపోయినా పొదుపు 20 శాతం ఉండొచ్చు. బైరన్ కవితలో ఒక్కో చరణం కూడా కంఠతా పట్టి చూశాడు. అర్థం, ఛందస్సు ఉన్న దానికి, అంతే పొడవున్న అర్థంలేని వరసకు పట్టిన శ్రమలో దాదాపు పదో వంతే పట్టింది. పరీక్షకు చదువుకునే ఇండియన్ పాలిటీ నోట్సుకు ఆ 66 అంకె అతకదు.

ఒక్కరే చేస్తుంటే, చేసేదీ మీరే చేయించేదీ మీరే. వక్రరేఖ ఇలా రావాలని మీకు ముందే తెలుసు. వరసల కవర్ల మీద వ్యవధి రాయకుండా నంబరు మాత్రమే వేసి, ఏ నంబరు ఎప్పుడు తెరవాలో ఇంట్లో ఇంకొకరి దగ్గర రాసిపెట్టండి. మొదటిసారి పట్టిన చదువుల లెక్క కూడా వాళ్ల దగ్గరే ఉంచండి. ‘నిన్న పన్నెండు పట్టాయి కదా’ అని గుర్తుంటే ఎనిమిదో చదువు దగ్గరే మీరు తొందరపడతారు. వాడిన చీటీలు తిరిగి డబ్బాలో కలపకండి.