యానాం దాకా, నెమ్మదిగా

బుజ్జీ,

డిసెంబరులో రాజమండ్రి వచ్చి ఒక్కరోజులోనే పాపికొండలు, ధవళేశ్వరం, అంతర్వేది, యానాం అన్నీ చూసేస్తామని మీ ఆయన పంపిన లిస్టు చూశానమ్మా. అది ట్రిప్పు కాదు, పోస్టుమాన్ డ్యూటీ. నా మాట విని మూడే ఊళ్లు పెట్టుకోండి: ద్రాక్షారామం, కోటిపల్లి, యానాం.

చీకటితో బయల్దేరొద్దు. ఆ రోజుల్లో మంచు పట్టిందంటే ఎదురుగా వచ్చే ధాన్యం లారీ కూడా కనపడదు. టిఫిన్ చేసి ఏడున్నరకి కదలండి, మండపేట రోడ్డు పట్టుకోండి. దారిలో కాలువలు కనపడితే పిల్లలకి చెప్పు, కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేస్తేనే ఈ పచ్చదనమంతా అని. తాపేశ్వరంలో మడత కాజా అక్కడే తినండి. కేజీల లెక్కన కొంటే సాయంత్రానికి కారంతా పాకమే, నాకు తెలుసు.

ద్రాక్షారామంలో మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పదింటికల్లా చేరాలి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, మెట్లెక్కి పైనుంచి కూడా చూడాలి. దర్శనం కాగానే పరిగెత్తకండి, గోడల మీద, స్తంభాల మీద వందల కొద్దీ శాసనాలున్నాయి, పాత తెలుగు అక్షరాలు ఒకటో రెండో పోల్చుకోగలరేమో పిల్లల్ని చూడమను. పొద్దున పూట రాయి కాళ్లకి జివ్వుమంటుంది, ఓర్చుకోండి.

కోటిపల్లిలో గోదావరి పాయ గౌతమి ఒడ్డున కారు వదిలేసి, మనుషులు మాత్రం పంటు (కార్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరం రేవుకి వెళ్లి, అక్కడ టీ తాగి తిరిగి రండి. ఒకసారి మేం కారుతో సహా దాటి, పొద్దుపోయి అవతలే చిక్కుకుని, రావులపాలెం చుట్టూ తిరిగి ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. మీ పెదనాన్న ఇప్పటికీ అది నా తప్పే అంటారు. ఇంకోటి, భోజనం దగ్గర పులస ఉందా అని అడగకండి, అది వరద నీళ్ల చేప, చలికాలంలో ఎవరైనా ఉందంటే మిమ్మల్ని హైదరాబాదు వాళ్లని కనిపెట్టేసినట్టే.

యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉంది. బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం వచ్చాక బ్రిటిషు వైపు వాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్లకి ఇక్కడికే వచ్చేవారు, కళ్యాణపురం అని పేరు కూడా పడింది. మా అమ్మమ్మ పెళ్లి అలా జరిగిందే, పదకొండేళ్లకి. కుర్రాళ్లకి మాత్రం యానాం అంటే చవక మందే గుర్తొస్తుంది, అందుకని శని, ఆదివారాలు మానేసి మామూలు రోజున వెళ్లండి. సంక్రాంతి వారం అసలొద్దు, కోడిపందేల జనంతో రోడ్లన్నీ నిండిపోతాయి.

ఐదింటికి గోదావరి గట్టు మీదకి చేరండి, ఐదున్నర దాటితే ఎండ ఉండదు. చంటిదానికి చెవులకి టోపీ మర్చిపోకు. బయల్దేరేముందు ఫోన్ చెయ్యి, చారు, కందిపచ్చడి చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ