సిక్లిడ్ల తొట్టిలో అడుగు రాళ్లు నెలకోసారి తీసి కడగాలా?

ఆఫ్రికన్ సిక్లిడ్లు (ఆఫ్రికా సరస్సుల రంగురంగుల చేపలు) పెంచుతున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. కడగొద్దు. జవాబు అంతే, కానీ నాకు చెప్పాల్సింది చానా ఉంది.

కర్నూల్లో మా ఇంట్లో నాలుగడుగుల తొట్టి. అన్నీ ఆఫ్రికాలోని మలావి సరస్సు జాతులే, ఎల్లో ల్యాబులనే పసుపు చేపలు ఎక్కువ. ఒక ఎండాకాలం నేను పెళ్లికని ఆదోని పోతే, ఇంట్లోవాళ్లు షాపు నుంచి క్లీనింగ్ పిల్లోణ్ని పిలిపించినారు. వాడు చేపల్ని బకెట్లో వేసి, రాళ్లన్నీ ఎత్తి కొళాయి కింద తళతళలాడేదాకా రుద్దినాడు. ఫిల్టరు స్పాంజినీ వదల్లేదు. నేను తిరిగొచ్చేసరికి మా అమ్మ మురిసిపోతా ఉంది: "చూడు నాయనా, నువ్వెన్నడన్నా ఇట్ల కడిగినావా?"

మర్నాటికి నీళ్లు తెల్లగా మసకబారినాయి. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తా ఉన్నాయి.

చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలో, ఆ రాళ్ల మీదే ఉంటుంది. కొళాయి నీళ్లలోని క్లోరిన్‌తో అది చస్తుంది. పైగా మలావి చేపలకు పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 8 చుట్టుపక్కల ఉండే సున్నపు నీళ్లు కావాలి. పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్లు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. కర్నూలు ఎండల సంగతి వేరే చెప్పాల్నా?

మా ఊర్లోనే బి.క్యాంపులో ఉండే స్నేహితునికి ఫోన్ చేస్తే, "మందులేమీ పోయొద్దప్పా, మా ఫిల్టర్లోది పాత స్పాంజి తీసుకపో" అన్నాడు. పెరుగుకు తోడేసినట్టు ఆ నల్లటి స్పాంజి నా ఫిల్టర్లో పెట్టినా. మేత ఆపేసి, రోజూ మూడోవంతు నీళ్లు మార్చినా. కొన్ని పోయినాయి, కొన్ని నిలబడినాయి. షాపాయన మాత్రం "చేపలే వీక్ సార్" అని చేతులు దులుపుకున్నాడు.

అసలు గొడవంతా షాపులోళ్లు అంటగట్టే ఆ నీలం, గులాబీ రంగురాళ్లతోనే. మేత సందుల్లోకి జారి అక్కడే కుళ్లుతుంది. సన్న ఇసుక అంగుళన్నర మందాన పోస్తే మురికి పైనే నిలుస్తుంది. తుంగభద్ర ఇసుకే తెచ్చుకోండి, నీళ్లు తేటపడేదాకా కడిగి వేయండి. ఈ కడగడం ముందు ఒక్కసారే. పెద్ద బండలు మాత్రం ఇసుక పోయకముందే అడుగు అద్దం మీద ఆనించి పెట్టాల. ఇవి తవ్వుడు చేపలు, బండ కింద ఇసుక లాగేస్తే బండ దొర్లి అద్దం పగుల్తుంది. బేతంచెర్ల నాపరాయి ముక్కలు బాగా పనికొస్తాయి, వాటి సున్నం ఈ చేపలకు మంచిదే.

వారానికోసారి సైఫన్ పైపు మూతిని ఇసుకకు రొంత ఎత్తులో తిప్పుతా మురికి లాగేయండి. పావు వంతు నీళ్లు పోతాయి, అదే నీళ్లు మార్చినట్టు. కొత్త నీళ్లు క్లోరిన్ పోగొట్టినాకే పోయాల. ఫిల్టరు నుంచి వచ్చే నీటి ధారను సరిగ్గా తిప్పి పెడితే చెత్తంతా ఒక మూలకే చేరుతుంది.

మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాల. ఇంటికొచ్చిన చుట్టాలందరూ గుప్పెడు గుప్పెడు వేసి పోతే ఏ పైపూ కాపాడలేదు. అందుకే నేను మేత డబ్బా బీరువాలో పెడతా.

చెత్త తింటుందని సక్కర్ ఫిష్ కొనమంటారు, నమ్మొద్దు. అది పాచి గీకుతుందేమో కానీ ఇంకొకరి మలం తినదు, తొట్టిలో అందరికంటే ఎక్కువ మలం దానిదే. అడుగు పొడవు దాటి పెరిగినాక జనం దాన్ని హంద్రీ నదిలో వదిలేస్తారు, అది ఇంకో దరిద్రం.