దేశం యుద్ధం చేస్తే ఆటగాళ్లని బ్యాన్ చేయడం కరెక్టేనా?

నా ఉద్దేశంలో పాస్‌పోర్ట్ చూసి అందర్నీ బ్యాన్ చేయడం తప్పు, కానీ యుద్ధాన్ని సపోర్ట్ చేసినవాళ్లని మాత్రం వదలకూడదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక వింబుల్డన్ వాళ్లు రష్యా, బెలారస్ ప్లేయర్లందర్నీ రానివ్వలేదు, అందులో ఆండ్రీ రుబ్లెవ్ కూడా ఉన్నాడు, యుద్ధం మొదలైన ఒకట్రెండు రోజులకే దుబాయ్‌లో మ్యాచ్ గెలిచి కెమెరా అద్దం మీద యుద్ధం వద్దు ప్లీజ్ అని రాసినవాడు, మరి అతన్ని దేనికి శిక్షించినట్టు? పైగా ఆ ఏడాది విమెన్స్ టైటిల్ కొట్టిన రిబాకినా మాస్కోలో పుట్టిన అమ్మాయే, 2018లో కజకిస్తాన్‌కి మారింది కాబట్టి ఆడనిచ్చారు.

మరోవైపు దోహాలో రష్యా జిమ్నాస్ట్ ఇవాన్ కులియాక్‌ని చూడండి, గోల్డ్ గెలిచిన ఉక్రెయిన్ కుర్రాడు పక్కనే ఉండగా ఛాతీ మీద రష్యా సైన్యం వాడే జెడ్ గుర్తు అంటించుకుని పోడియం ఎక్కాడు. ఏడాది బ్యాన్ వేశారు, నన్నడిగితే అది తక్కువే.

అయితే మెడల్స్‌ని ప్రభుత్వం ప్రచారానికి వాడుకుంటుంది కదా, అందుకే జెండా, జాతీయ గీతం తీసేయడం న్యాయమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే చేశారు, సైన్యంతో కాంట్రాక్ట్ ఉన్నవాళ్లకి, యుద్ధాన్ని బాహాటంగా సమర్థించినవాళ్లకి ఎంట్రీ లేదని రూల్ పెట్టి ఒక్కొక్కర్నీ చెక్ చేశారు, చివరికి రష్యా నుంచి 15 మందే న్యూట్రల్‌గా ఆడారు, టీమ్‌లకైతే అసలు పర్మిషనే లేదు.