పచ్చి తిండి మొదలెట్టాక కడుపు ఎందుకు మొరాయిస్తోంది?

వంట మానేసి మొలకలు, పచ్చి కూరలు, పండ్లతో సరిపెట్టుకుంటున్న పాఠకుల ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. బరువు తగ్గాలని పది రోజులుగా వండినవి పూర్తిగా మానేశాను. ఉదయం కప్పున్నర పెసర, శనగ మొలకలు. మధ్యాహ్నం పళ్లెం నిండా క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ. రాత్రి మామిడి, యాపిల్, పుచ్చకాయ. సాయంత్రానికి కడుపు ఉబ్బిపోయి లంగా బొందు వదులు చేసుకుంటే గానీ కూర్చోలేకపోతున్నాను. ఒంట్లోని విషాలు బయటికి పోతున్నాయనీ, ఓర్చుకోమనీ తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? – ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: విషాలు కావండీ, గ్యాసే. పెసలు, శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేదు. అవి అరగకుండానే పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. క్యాబేజీ, ఉల్లిపాయలతోనూ ఇదే తంతు. నానబెట్టిన నీళ్లు పారబోసి మొలకెత్తిస్తే ఆ చక్కెరలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. కప్పున్నర తింటే ఆ తగ్గిన లాభమూ మిగలదు. ఇంకో సంగతి: పెద్దపేగుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఉదయం తిన్న మొలకల ప్రభావం మధ్యాహ్నం దాటాక తెలుస్తుంది. చాలామంది మాత్రం అప్పుడే తిన్న కూర ముక్కలను తిట్టుకుంటారు.

రాత్రి పండ్ల కథ వేరు. మామిడి, యాపిల్, పుచ్చకాయల్లో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర ఎక్కువ. గ్లూకోజ్ తోడుంటే ఫ్రక్టోజ్ పేగులో తేలిగ్గా ఇంకుతుంది. లేకపోతే కొంత మిగిలిపోయి నీటిని పేగులోకి లాగుతుంది, పులుస్తుంది కూడా. మీరు మూడింటినీ ఒకే పూట తింటున్నారు.

ఓర్చుకోమన్న సలహాలో ఒక్క ముక్క నిజముంది. పెరిగిన పీచుకు పేగులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, కానీ మెల్లగా పెంచితేనే. తెల్లన్నం మీద బతికిన కడుపుకు ఒక్క రోజులో ఇంత పీచు వేస్తే అలవాటు కాదు, తిరుగుబాటే.

కాబట్టి ప్రస్తుతానికి పచ్చి తిండి రోజుకు ఒక్క పూట, అదీ మధ్యాహ్నం. మిగతా రెండు పూటలూ వండినవే తినండి. మొదటి వారం తురిమిన క్యారెట్, కీరా, టమాటా కలిపి ఒక కప్పు (సుమారు 100 గ్రాములు), మొలకలు రెండు టేబుల్ స్పూన్లు చాలు. మొలకలను ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే ఇంకా మంచిది. నాలుగైదు రోజులు కడుపు నిమ్మళంగా ఉంటే అరకప్పు పెంచండి. ఉబ్బరం తిరిగొస్తే వెనకటి కొలతకు వెళ్లి అక్కడే మరో వారం ఆగండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, పచ్చి ఉల్లిపాయ అన్నిటికన్నా చివర. పండ్లలో బొప్పాయి, కమలా, అనాస ఎక్కువమందికి పడతాయి. పూటకు ఒక్క రకం, ఒక కప్పు. అరచెంచా వాము నమిలి వేడినీళ్లు తాగితే కొందరికి హాయిగా ఉంటుంది. తాగండి, అయితే వాము ఉంది కదా అని మొలకలు పెంచకండి.

ప్రశ్న: శనగలు, రాజ్మా, సోయా కలిపి మొలకెత్తించి పచ్చివే తింటున్నాను. మూత పెట్టిన డబ్బాలో రెండు రోజులు ఉంచితే మొలకలు బాగా వస్తున్నాయి, కాస్త జిగురుగా ఉంటాయంతే. తిన్న రెండు గంటలకే వాంతులు, నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. – నిజామాబాద్ నుంచి

జవాబు: ముందు రాజ్మా తీసేయండి. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (కడుపుకు పడని ఒక రకం మాంసకృత్తు) ఉంటుంది. పచ్చి గింజలు కొన్ని తిన్నా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. మీరు రాసిన రెండు గంటలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. మొలకెత్తిస్తే అది పోతుందనుకోవద్దు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా ఉడికించాలి. తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు కనీసం, అరగంటైతే నిశ్చింత. సన్న సెగ మీద సగం ఉడికించిన రాజ్మా పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేయగలదు. సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, అదీ ఉడికించాల్సిందే. పచ్చి మొలకలకు మామూలు ఇంట్లో పెసలే మేలు.

రెండోది ఆ జిగురు. మొలకకు కావలసిన వెచ్చదనం, తడి బ్యాక్టీరియాకూ కావాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ-కోలై అనే బ్యాక్టీరియా వల్ల మూడున్నర వేల మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. క్రిమి గింజలోనే ఉంటే మొలకల్ని ఎంత కడిగినా పోదు. గర్భిణులు, పసిపిల్లలు, పెద్ద వయసువారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మొలకలను బాగా ఉడికించే తినాలి.

పావు కప్పు పెసలను మూడుసార్లు కడిగి, ఎనిమిది గంటలు నానబెట్టండి. నీళ్లు పారబోసి మళ్లీ కడిగి, ఉతికిన పలుచని గుడ్డలో మూట కట్టి, గాలి ఆడేచోట వేలాడదీయండి. డబ్బాలో మూసేస్తే అడుగున నీరు నిలిచి జిగురు పట్టేది అందుకే. ఆరేడు గంటలకోసారి మూటను మంచినీళ్లతో తడిపి పిండండి. ఎండాకాలం పన్నెండు గంటల్లో, చలికాలం ఒక రోజులో మొలకొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లోపు వాడేయండి. జిగురు, పులిసిన వాసన ఏది కనిపించినా పారేయడమే.

విరేచనాలు ఉన్నప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్లలో కలిపి తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. జ్వరం, రక్తం కనిపిస్తే ఇంట్లో ఆగొద్దు.

ప్రశ్న: రోజూ పరగడుపున సొరకాయ రసం తాగుతాను. నిన్నటిది కాస్త చేదుగా ఉంటే తేనె కలుపుకుని తాగాను. కడుపులో మెలిపెట్టినట్టయి వాంతి అయింది. కాయ పడలేదా? – గుంటూరు నుంచి

జవాబు: పడకపోవడం కాదు, ఆ చేదే విషం. సొర, కీరా, బీర, దోస జాతి కాయల్లో అప్పుడప్పుడు కుకుర్బిటాసిన్ అనే పదార్థం ఎక్కువవుతుంది. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం దీని లక్షణాలు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి చనిపోయినవారు ఉన్నారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ దీన్ని పరిశీలించి చేదు రసం తాగొద్దని స్పష్టంగా చెప్పింది. విరుగుడు మందంటూ లేదు, ఆసుపత్రిలో సెలైన్ పెట్టి కాపాడుకోవాలి. మీకు వాంతులు మళ్లీ అయినా, కళ్లు తిరిగినా వెంటనే వెళ్లండి.

రసం తీసే ముందు ప్రతి కాయా చిన్న ముక్క కోసి రుచి చూడండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. వండినా ఆ చేదు పోదు. తేనె, నిమ్మరసం కలిపితే మనకున్న ఒక్క హెచ్చరికను మనమే చెరిపేసుకున్నట్టు. కాకర రసంతో కలిపి తాగే అలవాటు అంతకన్నా ప్రమాదం, ఏ చేదు ఎవరిదో తెలియదు.

ప్రశ్న: ఇంత పీచు తింటున్నా మలబద్ధకం. ఎందుకు? – కరీంనగర్ నుంచి

జవాబు: పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలం గట్టిపడుతుంది. మామూలుగా తాగేదానికి రెండు మూడు గ్లాసులు కలపండి. నూనె పూర్తిగా మానేసి ఉంటే, నానబెట్టిన వేరుశనగలు ఓ గుప్పెడు చేర్చండి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి ఏరి పారేయాలి. ఐరన్ మాత్రలు వాడుతున్నారేమో కూడా చూసుకోండి, అసలు కారణం అవే కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు, షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడతారు. పళ్లు చాలావరకు ఊడిపోయాయి. ఆయనా పచ్చి తిండికి మారతానంటున్నారు. – హైదరాబాద్ నుంచి

జవాబు: డాక్టరును అడగకుండా వద్దు. అన్నం ఒక్కసారిగా మానేసి ఆ మాత్ర అదే మోతాదులో వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే ఆలస్యం చేయకుండా మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో కొందరికి పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. నమలకుండా మింగిన పీచు ముక్కలు అక్కడే ఉండలు కట్టే వీలుంది. లోగడ పొట్టకు, పేగులకు ఆపరేషన్ జరిగినవారికీ, పేగుల టీబీ వచ్చి తగ్గినవారికీ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది.

ఆయనకు అంతగా మనసైతే బొప్పాయి ముక్కలు, గింజలు తీసి తురిమిన కీరా పెరుగులో కలిపి ఓ చిన్న గిన్నెడు, భోజనంతో పాటే ఇవ్వండి. క్యారెట్, బీట్‌రూట్ మాత్రం మెత్తగా ఉడికించే పెట్టండి.