పిల్లల కేసుల గురించి నలుగురిలో రాసేటప్పుడు: మేనల్లుడికి ఒక ఉత్తరం

నాయనా సందీప్,

ఊళ్లో ఒక పిల్లో పిల్లవాడో కనపడకుండా పోతే నువ్వు అడ్మిన్‌గా ఉన్న మీ గ్రూపులో ఏం రాయాలి, ఏం రాయనివ్వకూడదు అని మొన్న అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నా. ప్రాసిక్యూటర్‌గా పనిచేసినన్నాళ్లూ ఇలాంటి కేసులు చూసినదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. నువ్వు రాసేది ముందు ఆ బిడ్డ తల్లిదండ్రులు చదువుతారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు నిందితుడి వకీలు చదువుతాడు. వీళ్లిద్దరినీ మనసులో పెట్టుకొని రాయి.

బిడ్డ ఇంకా దొరకని సమయం వేరు, ఏం జరిగిందో తెలిసిపోయిన తర్వాత సమయం వేరు. జనం ఈ రెండింటినీ కలిపేస్తారు.

దొరకనంతవరకూ ఫోటో, వయసు, వేసుకున్న బట్టలు, చివరిసారి కనపడ్డ చోటు ఎంతమందికి చేరితే అంత మంచిది. పోస్టులో తేదీ, టైం తప్పకుండా వెయ్యి. తేదీ లేని పోస్టులు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఇంటివాళ్ల సొంత నంబరు మాత్రం పెట్టకు, స్టేషన్ నంబరు పెట్టు. ఇంటి నంబరు బయటికి వస్తే ఓదార్చేవాళ్లు, జాతకం చెబుతామనేవాళ్లు, "పిల్లవాడు మా దగ్గరున్నాడు, ఇంత పంపండి" అని దొంగనాటకం ఆడేవాళ్లు అందరూ దానికే చేస్తారు. ఆ గోలలో నిజంగా రావాల్సిన ఫోన్ తప్పిపోతుంది. "చుట్టాలింటికి పోయిండేమో, రేపటిదాకా చూడండి" అని స్టేషన్‌లో ఎవరైనా అంటే ఊరుకోవద్దని తల్లిదండ్రులకు చెప్పు. బచపన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో 2013లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: పిల్లలు కనపడలేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. అత్యవసర నంబరు 112కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు కూడా ఫోన్ చేయించు.

మహబూబాబాద్ కేసు నీకు గుర్తుండే ఉంటుంది. 2020 అక్టోబరులో ఇంటి ముందు ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల బాబును ఒకడు బండి మీద ఎక్కించుకుపోయాడు. ఇంటర్నెట్ కాల్స్ చేసి 45 లక్షలు అడిగాడు. ఎత్తుకెళ్లిన కాసేపటికే బాబును చంపేశాడని తర్వాత పోలీసులు చెప్పారు. అది తెలియక ఆ తల్లిదండ్రులు ఫోన్ పట్టుకొని రోజులు గడిపారు. ఎత్తుకెళ్లినవాడు ఎక్కడి నుంచో ఊడిపడ్డ ముఠా కాదు, బాబుకు తెలిసిన మనిషే. పిల్లవాడు నమ్మి బండి ఎక్కాడు. అలాంటివాడు మీ గ్రూపులోనే ఉండొచ్చు నాయనా. "ఫలానా సెంటర్‌లో సీసీ కెమెరాలో దొరికాడట", "పోలీసులు ఫలానా ఊరికి బయల్దేరారట", "డబ్బు రెడీ చేశారట" అని రాస్తే అందరికంటే ముందు చదివేది వాడే. డబ్బు అడిగిన కేసుల్లో పోలీసుల కదలికల గురించి ఒక్క ముక్క కూడా ఉండనివ్వకు, అది నిజమని నీకు ఖాయంగా తెలిసినా సరే.

బిడ్డ క్షేమంగా దొరికితే ఆ సాయంత్రమే ఫోటో, పేరు తీసెయ్యి, పంచుకున్నవాళ్లందరినీ తీసెయ్యమను. దొరికిన పిల్ల రేపు మళ్లీ బడికి పోవాలి, పెద్దదవ్వాలి. ఆ ఫోటో వెనకాలే రాకూడదు.

జరగరానిది జరిగితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నివాళి అని పూలదండ వేసిన ఫోటోలు, కొవ్వొత్తుల బొమ్మలు, పేరుతో హ్యాష్‌ట్యాగులు మొదలవుతాయి. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, ఇల్లు, బడి బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక దాడి ఉంటే, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో 23వ సెక్షన్ కూడా వస్తుంది. చనిపోయింది కదా, ఇంకేం దాచాలి అంటారు. చనిపోయినా పేరు చెప్పకూడదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ చట్టం పత్రికలకే కాదు, మీ గ్రూపుకూ వర్తిస్తుంది.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నిందితుడి ఫోటో. ఒక కేసులో మాకున్న పెద్ద సాక్షి ఒక కిరాణా కొట్టు ఆయన. నిందితుడు పిల్లకు బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి చెయ్యి పట్టుకొని తీసుకెళ్లడం కళ్లారా చూశాడు. జైల్లో పెట్టిన గుర్తింపు పరేడ్‌లో, అంటే నిందితుణ్ని పదిమందిలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమన్నప్పుడు, తడుముకోకుండా వేలు పెట్టి చూపించాడు. కోర్టులో నేను అడిగిన ప్రశ్నలకు బ్రహ్మాండంగా చెప్పాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచిన డిఫెన్స్ వకీలు ఫైల్లోంచి ఒక ప్రింటవుట్ తీసి, "పరేడ్‌కు ముందే ఈ ఫోటో మీ ఫోన్‌కు వచ్చిందా?" అని అడిగాడు. ఆ పెద్దాయన అబద్ధం ఆడే మనిషి కాదు. కళ్లజోడు సర్దుకొని చూసి, "వచ్చింది సార్, మా వాడ గ్రూపుల అందరికీ వచ్చింది" అన్నాడు. వకీలు ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన కొట్టు దగ్గర చూసి గుర్తుపట్టాడా, ఫోన్లో చూసి గుర్తుపట్టాడా అన్న అనుమానం తీర్చడానికి నేను పడ్డ తిప్పలు మాటల్లో చెప్పలేను. ఆ ఫోటో పెట్టినవాళ్లకు పిల్ల మీద జాలే తప్ప చెడ్డ ఉద్దేశం లేదు.

సాక్షుల పేర్లు కూడా అంతే. "ఫలానా ఆయన చూశాడట" అని మెచ్చుకుంటూ రాస్తారు. మర్నాటి నుంచి ఆయన ఇంటికి మనుషులు వస్తారు. కోర్టుకొచ్చేసరికి ఆయన హోస్టైల్ అవుతాడు, అంటే ముందు చెప్పిన మాట మార్చేస్తాడు.

ఇక "నేరం ఒప్పుకున్నాడు" అనే మాట. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25, 26 సెక్షన్లు ఇదే చెప్పేవి, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ చెబుతోంది. అతను చెప్పిన సమాచారంతో ఏదైనా దొరికితే ఆ మేరకే పనికొస్తుంది. ఈ నియమం ఊరికే పెట్టలేదు. గురుగ్రామ్‌లో 2017 సెప్టెంబరులో ఏడేళ్ల బాబు బడిలోనే హత్యకు గురయ్యాడు. అదే రోజు బస్ కండక్టర్‌ను పట్టుకున్నారు. అతను కెమెరాల ముందు ఒప్పుకున్నాడు కూడా. దేశమంతా ఉరి తియ్యమని రాసింది. కేసు సీబీఐకి వెళ్లింది. రెండు నెలలకు అదే బడిలో పదకొండో తరగతి కుర్రాణ్ని వాళ్లు పట్టుకున్నారు. కండక్టర్‌కు ఆ నేరంతో సంబంధం లేదని 2018 ఫిబ్రవరిలో కోర్టు వదిలేసింది. ఆ మధ్యలో అతని భార్యాపిల్లలు ఏ మొహంతో వీధిలోకి వచ్చి ఉంటారో ఆలోచించు. అందుకే తీర్పు వచ్చేదాకా "నిందితుడు" అనే రాయి. కులం, మతం, ఊరు, పెళ్లాం పిల్లల ఫోటోలు ఎవరు పెట్టినా ఒక్క నిమిషం ఉంచకు.

హైదరాబాద్ సైదాబాద్‌లో 2021 సెప్టెంబరులో ఆరేళ్ల పాప హత్య కేసప్పుడు నిందితుణ్ని గంటల్లోనే పట్టుకున్నారని అప్పటి మంత్రి కేటీఆర్ పోస్ట్ పెట్టారు. నిజానికి అప్పటికి వాడు దొరకనే లేదు. తనకు తప్పుడు సమాచారం అందిందని ఆయనే తర్వాత సరిదిద్దుకున్నారు. పోలీసులు పది లక్షల బహుమతి ప్రకటించి వెతికారు. చివరికి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద శవమై దొరికాడు. ప్రభుత్వంలో ఉన్న మంత్రికే తప్పుడు కబురు అందితే, మీ గ్రూపుకు వచ్చే "కన్ఫర్మ్ న్యూస్" సంగతి ఏం చెప్పాలి?

పుకారు ప్రాణం తీస్తుందన్నది ఉత్తమాట కాదు. 2018 జులైలో మన హైదరాబాద్ ఇంజినీరు ఒకాయన స్నేహితులతో కలిసి బీదర్ జిల్లాకు వెళ్లాడు. వాళ్లలో ఒకరు అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లని వాట్సాప్‌లో వీడియో పాకింది. ముర్కి అనే ఊళ్లో జనం దారి కాచి ఆపి, ఆ ఇంజినీరును కొట్టి చంపేశారు. అరెస్టయినవాళ్లలో ఆ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. నువ్వూ అడ్మినే కాబట్టి మరీ చెబుతున్నా. ఆ రోజుల్లో బాగా తిరిగిన మరో వీడియో, బండి మీద వచ్చి పిల్లవాణ్ని ఎత్తుకుపోయేది, కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర ఉన్న సందేశం కత్తిరించి వదిలారు. అప్పట్లో జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి డప్పు కళాకారులను, పాటగాళ్లను ఊరూరా పంపి ఇవి అబద్ధాలని చెప్పించారు. ఖండించాలంటే అలా ఖండించాలి, జనం మాట్లాడే భాషలో, జనం వినే చోట.

"ఎన్‌కౌంటర్ చెయ్యండి" అనే కామెంట్లు ఎలాగూ వస్తాయి. కోపం నాకు అర్థమవుతుంది, ఆ శవపంచనామాలు చదివినదాన్ని. పిల్లల కేసు కాదు గానీ, 2019లో దిశ కేసు నిందితులను పోలీసులు కాల్చిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌కు పూలు చల్లినవాళ్లు, దాని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022 నివేదిక చదివారా? పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. విచారణ జరగకపోతే ఆ రాత్రి ఏం జరిగిందో, ఇంకెవరి చెయ్యి ఉందో కన్నవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

వీటన్నిటికంటే ముందు తీసేయాల్సిన కామెంటు ఇంకోటుంది. "తల్లి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఇట్లనే అయితది." ప్రతి కేసులో ఇది వస్తుంది. విజయవాడలో 2010లో పదేళ్ల పాపను కారులో తీసుకెళ్తుండగా ఎత్తుకుపోయి చంపినప్పుడు, కూతురు లేదని తెలిసి ఆ తండ్రి గుండె ఆగి చనిపోయారు. ఆ స్థితిలో ఉన్న మనిషి చేతిలో మీ కామెంట్లున్న ఫోన్ ఉంటుందని మర్చిపోవద్దు.

మరి ఏం రాయాలి అంటావా? అందరూ మర్చిపోయాక రాయి. విజయవాడ కేసులో యావజ్జీవ శిక్షలు పడింది 2018లో, మహబూబాబాద్ కేసులో ఉరిశిక్ష పడింది 2023లో. మధ్యలో ఏళ్ల తరబడి ఆ కుటుంబాలు వాయిదాలకు తిరిగాయి. అప్పుడు కొవ్వొత్తులు పట్టుకున్నవాళ్లు ఎవరూ కోర్టు వరండాలో కనపడరు. చార్జిషీటు పడిందా, ఫోరెన్సిక్ రిపోర్ట్ వచ్చిందా, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టు ఖాళీగా ఉందా, పోక్సో కేసయితే చట్టం చెప్పిన ఏడాదిలో విచారణ ముగిసిందా అని అడుగు. బాధిత కుటుంబానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం అడిగే హక్కుంది. చాలామందికి తెలియదు, దరఖాస్తు రాసిపెట్టేవాళ్లు ఉండరు. మీ గ్రూపులో ఇద్దరు కుర్ర వకీళ్లున్నారుగా, ఆ పని వాళ్లకు అప్పజెప్పు.

గ్రూపు నియమాలు ఒక కాగితం మీద రాసిపెట్టు. ఎవరి పోస్టు ఎందుకు తీసేశావో చెప్పడానికి అది ఆధారంగా ఉంటుంది, లేకపోతే బంధువులే అలుగుతారు. నీతోపాటు ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టు, రాత్రిళ్లు కూడా ఒకరు చూస్తూ ఉండాలి. దసరాకు హనుమకొండ వస్తున్నా, ఆ కాగితం చూపించు. మీ నాన్నను బీపీ మాత్రలు మానొద్దన్నానని చెప్పు.

మీ మేనత్త