మెదడు స్కాన్లలో పరిశోధన: ఫిజిక్స్ చదివినవాళ్లకు చోటుందా?

ప్రశ్న: డిగ్రీలో ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. అమ్మమ్మకు అల్జీమర్స్ అని తేలినప్పుడు డాక్టరుగారు ఎమ్మారై ఫిల్ము వెలుతురుకు పెట్టి మెదడు ఎక్కడ కుంచించుకుపోయిందో చూపించారు. అప్పటి నుంచి మెదడు స్కాన్ల మీద పరిశోధన చేయాలనీ, మెదడు పనిచేస్తుంటే కళ్లారా చూడాలనీ ఉంది. మెడిసిన్ చదవనివాళ్లకు అందులో చోటు లేదని నాన్న అంటున్నారు. నిజమేనా? ఇప్పటి నుంచి ఏం చేయాలి?

జవాబు: నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఆస్పత్రిలో స్కాన్ చూసి ఫలానా జబ్బు అని రిపోర్టు మీద సంతకం పెట్టేది రేడియాలజిస్టు. ఆ రిపోర్టును రోగి లక్షణాలతో కలిపి చూసి వైద్యం చేసేది న్యూరాలజిస్టు. ఈ రెండు పనులకూ మెడిసిన్ తప్పదు. మిగతా సగానికి ఈ రంగం చరిత్రే జవాబు. ఎమ్మారైకి దారి వేసినందుకు 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఇద్దరిలో పాల్ లాటర్‌బర్ కెమిస్టు, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఫిజిసిస్టు. సీటీ స్కాన్‌కు 1979లో అదే బహుమతి పంచుకున్న హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు, కార్మాక్ ఫిజిసిస్టు. నలుగురిలో ఒక్కరూ డాక్టరు కారు. ఈ సంగతి నాన్నగారికి చెప్పి చూడండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మాత్రం వేరే ఉంది. మెదడు పనిచేస్తుంటే కళ్లారా చూడాలని ఉంది అన్నారు. చాలామంది ఈ కోరికతోనే వస్తారు, మొదటి ఏడాదిలోనే నీరుగారిపోతారు. ఎందుకంటే అక్కడ కళ్లతో చూసేది తక్కువ, లెక్కగట్టేది ఎక్కువ.

మెదడు ఏదైనా పని చేస్తుండగా తీసే ఫంక్షనల్ ఎమ్మారై సంగతే తీసుకోండి. న్యూరాన్ల (మెదడు కణాల) పని ఆ మెషీన్‌కు నేరుగా అందదు. మెదడులో ఒకచోట న్యూరాన్లు పని పెంచితే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం అవసరానికి మించి పారుతుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కు కొంత అయస్కాంత గుణం ఉండటంతో అది తన చుట్టూ సిగ్నల్‌ను చెడగొడుతుంది. తాజా రక్తం వచ్చి దాన్ని పలచన చేస్తే సిగ్నల్ కాస్త పెరుగుతుంది. బెల్ ల్యాబ్స్‌లో సీజీ ఒగావా బృందం 1990లో ఎలుకల మెదడులో ఈ తేడాను చూపించింది. మరో రెండేళ్లకు మనుషుల మీద ఫలితాలు వచ్చాయి. ఇంతకీ ఆ తేడా ఎంత? చాలా ప్రయోగాల్లో ఒకటి రెండు శాతం. న్యూరాన్ల పని మిల్లీసెకన్లలో జరిగిపోతే, ఈ సిగ్నల్ తారస్థాయికి చేరేది ఐదారు సెకన్ల తర్వాత. వాన పడినప్పుడు చూడకుండా, తర్వాత కాలవల్లో నీటిమట్టం కొలిచి ఎక్కడ ఎంత పడిందో చెప్పడం లాంటి పని ఇది. బొమ్మలో మీకు కనిపించే ఎరుపు, పసుపు మచ్చలు మెషీన్ తీసినవి కావు. ఏ అంకె దాటితే రంగు వేయాలో ఒక మనిషి నిర్ణయించాక వచ్చినవి.

ఆ నిర్ణయం తేడాగా ఉంటే ఏమవుతుందో చూపించడానికి కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టారు. దానికి మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పమన్నారు! మెదడును వేలకొద్దీ బుల్లి ఘనాలుగా విడగొట్టి ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తే, కొన్ని ఊరికే కాకతాళీయంగా వెలుగుతాయి. చేపలోనూ వెలిగాయి. అన్ని పరీక్షలు చేసినందుకు లెక్కను సరిదిద్దితే ఆ వెలుగు పోయింది. 2009లో ఒక సదస్సులో పోస్టరుగా వచ్చిన ఈ పని 2012లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ కూడా కొట్టింది. నవ్వుకోవచ్చు గానీ, 2020లో వచ్చిన ఇంకో ఫలితానికి నవ్వు రాదు. 108 మంది స్కాన్ల డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలకు జవాబులు చెప్పమంటే, ఏ రెండు బృందాలూ ఒకేలా విశ్లేషించలేదు. కొన్ని ప్రశ్నలకు జవాబులూ కలవలేదు.

మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. ఈ రంగానికి ఇప్పుడు కావలసింది లెక్క తప్పితే పట్టుకునే మనిషి. అది ఫిజిక్స్ చదివినవాళ్లకు అనుకూలం.

మీకు కనిపించే దారుల్లో మొదటిది ఎమ్మారై ఫిజిక్స్. 3 టెస్లా స్కానర్ అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 60,000 రెట్లు. అందులో రేడియో తరంగాలను ఎప్పుడు, ఎంతసేపు వదలాలో రాసే వరసను పల్స్ సీక్వెన్స్ అంటారు. వరస మారిస్తే అదే మెషీన్ వేరే విషయం చెబుతుంది. ఒక వరసలో నీటి అణువుల కదలిక తెలుస్తుంది. పక్షవాతం వచ్చి రక్తం అందని చోట కణాలు ఉబ్బి నీటి కదలిక తగ్గిపోతుంది కాబట్టి, సీటీలో ఇంకా ఏమీ తేలని తొలి గంటల్లోనే అది బయటపడుతుంది. రెండో దారి డేటా విశ్లేషణ, ఇందులో స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగే ప్రాణం. మూడోది జ్ఞాపకం, భాష, చూపు లాంటి వాటి మీద ప్రయోగాలు చేసే కాగ్నిటివ్ న్యూరోసైన్స్. దానికి పీహెచ్‌డీ దాకా ఓపిక ఉండాలి. స్కానర్ నడిపే టెక్నాలజిస్టు కోర్సు త్వరగా ఉద్యోగంలో పెడుతుంది, గౌరవమైన పని. మీరు అడిగిన పరిశోధన మాత్రం అందులో తక్కువే.

అమ్మమ్మగారి జబ్బు దగ్గరకు వస్తే, అల్జీమర్స్‌లో ఇమేజింగ్ నిజంగా ఆట మార్చింది. డాక్టరుగారు చూపించింది బహుశా జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం చుట్టూ తగ్గిన కణజాలం. అది ఆలస్యంగా కనిపించే గుర్తు. మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్‌ను బతికున్న మనిషిలో పెట్ స్కాన్‌తో (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే స్కాన్) చూపిన పిట్స్‌బర్గ్ కాంపౌండ్ బీ అనే పదార్థం ఫలితాలు 2004లో వచ్చాయి. లక్షణాలకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందే ఆ ప్రొటీన్ చేరడం మొదలవుతుందన్న అవగాహన బలపడటంలో ఇలాంటి స్కాన్ల పాత్ర పెద్దది. స్కాన్ కోసం ఎక్కించే ఈ పదార్థం తయారీలో కెమిస్టులకు పెద్ద పని ఉంది. అందులో వాడే రేడియోధార్మిక కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగమైపోతుంది. తయారు చేసి, పరీక్షించి, రోగికి ఎక్కించడం పరుగు మీద జరగాలి. అమిలాయిడ్‌ను తొలగించే కొత్త మందులు వచ్చాక స్కాన్ల అవసరం ఇంకా పెరిగింది. వాటితో కొందరికి మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు వస్తాయి కాబట్టి ఎమ్మారై తీసి గమనిస్తూ ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా. డిప్రెషన్, స్కిజోఫ్రేనియా లాంటివి ఒక్క స్కాన్ చూసి ఫలానా మనిషికి ఉందని తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. గుంపుల సగటుల్లో కనిపించే తేడా ఒక మనిషిలో తేల్చడానికి చాలదు. స్కాన్‌తో మనసు చదివేస్తాం అని ఊరించే కోర్సు ప్రకటనలకు డబ్బు కట్టకండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఏ కోర్సులో చేరాలో ఆరు నెలలు పక్కన పెట్టండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టండి. లీనియర్ ఆల్జీబ్రా, ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ సిలబస్‌లో ఉంటే పరీక్ష కోసం కాకుండా చదవండి, స్కానర్ లోపల జరిగేదంతా అదే. తర్వాత నైలెర్న్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీ దించుకోండి. ముఖాలు, ఇళ్లు, పిల్లులు, కుర్చీలు వంటి బొమ్మలు చూస్తున్నవాళ్ల మెదళ్ల డేటా దానితో సులువుగా దిగుతుంది, 2001లో హాక్స్‌బీ బృందం ప్రచురించిన ప్రయోగం అది. మనిషి ముఖం చూస్తున్నాడా, ఇల్లు చూస్తున్నాడా అని మీ ప్రోగ్రాం మెదడు సిగ్నల్ నుంచి చెప్పగలగాలి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. అది కుదిరాక ఓపెన్‌న్యూరో సైట్‌లో ఇంకా చాలా డేటా ఉచితంగా దొరుకుతుంది. మీరు నడుస్తున్న దారి సరైనదా అనేది వారంపాటు ఒక ఎర్రర్ మెసేజ్‌తో కుస్తీ పట్టినప్పుడు తెలుస్తుంది. కోపం వచ్చినా మళ్లీ కూర్చోబుద్ధి అయితే మీకు ఇది పడుతుంది.

ఇంకొక్కటి. మీకు అందుబాటులో పరిశోధన కోసం స్కాన్లు తీసే ల్యాబ్ ఉంటే వాలంటీరుగా ఒకసారి ఆ గొట్టంలో పడుకోండి. వాచీ, బెల్టు, తాళాలు బయటే పెట్టాలి. చెవుల్లో ప్లగ్గులు పెట్టినా సుత్తి మోత మోగినట్టే ఉంటుంది. అరగంటో గంటో తల కదపకూడదు, కొన్ని మిల్లీమీటర్లు కదిలినా డేటా చెడిపోతుంది. మతిమరుపు ఉన్న మనిషి, తానెక్కడుందో కూడా తెలియకుండా అక్కడ పడుకోవడం ఎలా ఉంటుందో లేచి వచ్చాక ఆలోచించండి. స్కాన్ సమయం తగ్గించడం, తల కదిలినా బొమ్మ చెడకుండా చూడటం ఎమ్మారై ఫిజిక్స్‌లో ఇప్పటికీ పెద్ద పరిశోధన సమస్యలే.