రేంజ్‌లో ఏరుకొచ్చిన 9 ఎం.ఎం. ఇత్తడి కేసులను మళ్లీ నింపుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: గ్రీన్‌కార్డ్ వచ్చాక టెక్సస్‌లో 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నారు. షూటింగ్ రేంజ్‌లో నేల మీద పడి ఉన్న ఖాళీ కేసులను (పేలిన తూటాల ఇత్తడి తొడుగులను) వాళ్ల అనుమతితోనే ఒక బకెట్ నిండా ఏరుకొచ్చారు. ఇప్పుడు రీలోడింగ్ నేర్చుకుంటున్నారు, అంటే ఖాళీ కేసులో కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ (ముందుకు దూసుకెళ్లే లోహపు మొన) పెట్టి మళ్లీ తూటాగా చేయడం. ఆ కేసుల్లో కొన్నింటికి లోపల, అడుగుకు కాస్త పైన, మెట్టులాంటిది కనిపించింది. "ఇత్తడైతే చాలు, ఏదైనా నింపుకోవచ్చు" అని మీ స్నేహితుడు అన్నారు. అది నిజమేనా అని మీ సందేహం.

నిజం కాదండి. ఆ మెట్టు ఉన్నవాటిని ఒక్కటి కూడా వాడకండి. మిగతావాటిలో ఎక్కువ భాగం పనికొస్తాయి, కానీ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాకే. నేను తొమ్మిదేళ్లుగా ఇంట్లో 9 ఎం.ఎం., .45 ఏసీపీ (ఇంకాస్త లావైన పిస్టల్ తూటా) నింపుకుంటున్నాను. మెట్టు కేసు ఏం చేస్తుందో నా కళ్లతో చూశాను కాబట్టి ముందు అదే చెప్తాను.

రీలోడింగ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది అప్పటికి. ఒక శనివారం పొద్దున రేంజ్‌లో నేను నింపిన తూటాలే కాలుస్తున్నాను. ఒకటి పేలింది. శబ్దం మామూలుగానే ఉంది, చేతికి తగిలిన తన్ను కూడా మామూలే. కానీ తరువాతి తూటా ఛాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటికి) సగం దూరి ఆగిపోయింది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) పూర్తిగా మూసుకోలేదు. అరచేత్తో వెనక నుంచి ఒక దెబ్బ కొట్టి మూసేద్దామనిపించింది. ఎందుకో చెయ్యి రాలేదు. మ్యాగజైన్ తీసేసి, ఆ తూటాను బయటికి లాగి, బారెల్ విడదీసి వెలుతురుకు పెట్టి చూశాను. లోపల ఇత్తడి గొట్టం ఒకటి ఛాంబర్ గోడకు అతుక్కుని ఉంది. అంతకు ముందు పేలిన కేసు రెండు ముక్కలైందన్నమాట. అడుగు ముక్కను మాత్రం ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) పట్టుకుని బయటికి విసిరేసింది, పై గొట్టం లోపలే ఉండిపోయింది.

వెతికితే ఆ అడుగు ముక్క బల్ల కింద దొరికింది. చొక్కా గుండీ అంత ఉంది. అంచు చుట్టూ కత్తితో కోసినట్టు సాఫీగా తెగింది. ఆ అంచులో ఒక సగం మసి పట్టి నల్లగా ఉంది, రెండో సగం కొత్త ఇత్తడిలా మెరుస్తోంది. దాన్ని చూశాకే ఒళ్లు జలదరించింది. నల్లగా ఉన్న సగం అంతకు ముందు కాల్పుల్లోనే బీటవారింది. ఆ బీట ఉన్న కేసునే నేను కడిగి, నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మళ్లీ పౌడర్ పోసి తీసుకొచ్చాను. మెరుస్తున్న సగం ఆ రోజు తెగింది. కళ్లద్దాలు ఉన్నాయి, నాకేమీ కాలేదు, పిస్టల్‌కూ ఏమీ కాలేదు. ఆ ముక్క ఇప్పటికీ నా రీలోడింగ్ ప్రెస్ పక్కన చిన్న సీసాలో ఉంది.

ఇంటికెళ్లి అడుగున అదే కంపెనీ ముద్ర (హెడ్‌స్టాంప్) ఉన్న కేసులన్నీ పక్కకు తీసి, పెన్ను టార్చి వేసి లోపలికి చూశాను. మామూలు కేసులో గోడ అడుగున దళసరిగా మొదలై, పైకి వచ్చేకొద్దీ నెమ్మదిగా పలచబడుతుంది. మెట్టు కేసులో కొంత ఎత్తు వరకు దళసరి గోడ ఉండి, అక్కడ ఒక్కసారిగా పలచనవుతుంది. ఆ మూల దగ్గరే గొడవంతా. పేలిన ప్రతిసారీ గోడ ఉబ్బి ఛాంబర్‌ను తాకుతుంది. మనం సైజింగ్ డైలోకి (కేసును మళ్లీ సరైన కొలతకు నొక్కే అచ్చులోకి) తోసిన ప్రతిసారీ మళ్లీ లోపలికి నొక్కుకుంటుంది. తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతుంటే చివరికి అక్కడే తెగినట్టు, ఈ కేసు ఆ మూల దగ్గరే తెగుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. లోపల ఇత్తడి ఎక్కువ ఉంటే పౌడర్‌కు ఖాళీ తగ్గుతుంది, అదే పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. .45 ఏసీపీకి గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే 9 ఎం.ఎం.కు 35,000. అసలే చిన్న కేసు, అసలే ఎక్కువ ఒత్తిడి. ఖాళీ కొంచెం తగ్గినా తేడా పెద్దదే.

ఏ ముద్ర అని మీరు అడుగుతారని తెలుసు. ముద్ర పేరు చెప్పడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ అనిపిస్తుంది నాకు. ఒకే హెడ్‌స్టాంప్‌తో మెట్టు ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. పేరు బట్టీపడితే లోపల చూడడం మానేస్తాం. టార్చి వేసి చూడడానికి ఒక్కో కేసుకు రెండు సెకన్లు పడుతుంది. కళ్లు అలిసిపోతే సన్నని తీగ చివర కొక్కెంలా వంచి లోపలి గోడ మీద గీరండి, మెట్టు ఉంటే టక్కున తగులుతుంది.

ఇక మీ బకెట్ సంగతి. ముందు అయస్కాంతం తిప్పండి. ఇత్తడి పూత పూసిన స్టీల్ కేసులు చూడ్డానికి అచ్చం ఇత్తడిలాగే ఉంటాయి, అయస్కాంతానికి మాత్రం అతుక్కుంటాయి. బ్లేజర్ అల్యూమినియం లాంటివి అయస్కాంతానికి అంటవు కానీ బూడిద రంగు, తేలిక బరువు చూస్తే చేతికే తెలిసిపోతుంది. ఈ రెండు రకాలనూ పక్కన పెట్టేయండి. వెండి రంగులో నిగనిగలాడేవి నికెల్ పూత ఉన్న ఇత్తడి. అవి వాడుకోవచ్చు, కాకపోతే మూతి దగ్గర కాస్త త్వరగా చీలుతాయి.

ఆ తర్వాత కేలిపర్. 9 ఎం.ఎం. కేసు గరిష్ఠ పొడవు 0.754 అంగుళాలు, అంటే 19.15 మిల్లీమీటర్లు. .380 ఏసీపీ 0.680 అంగుళాలు, 9 ఎం.ఎం. మకరోవ్ 0.713. మూడూ ఒకే బకెట్లో పడితే తేడా కనిపించదు. .380 కేసులో 9 ఎం.ఎం. కొలత ప్రకారం పౌడర్ పోస్తే ఏమవుతుందో నేను విడిగా చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం చూడండి: 9 ఎం.ఎం. కేసు .40 ఎస్ అండ్ డబ్ల్యూ కేసులో దూరుతుంది, .40 వెళ్లి .45లో దూరుతుంది. టంబ్లర్‌లో (కేసులను తిప్పుతూ శుభ్రం చేసే డబ్బాలో) వేసే ముందే జల్లెడ పట్టి వేరు చేయకపోతే ఒకదాంట్లో ఒకటి బిగుసుకుని కూర్చుంటాయి. .45 కేసుల్లో ప్రైమర్ గుంట రెండు సైజుల్లో వస్తుంది. మీరు ముందుముందు అటు వెళ్తే ఇది గుర్తుంచుకోండి, పెద్ద ప్రైమర్‌ను చిన్న గుంటలోకి బలవంతంగా నొక్కకూడదు.

లోపల అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ కేసు, మనకు కావలసింది అదే. పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్, డీక్యాపింగ్ పిన్ను (పాత ప్రైమర్‌ను బయటికి తోసే సూది) విరుగుతుంది తప్ప ప్రైమర్ బయటికి రాదు. ఈ పేర్లు వాటిని కనిపెట్టినవాళ్లవి: బాక్సర్ ఇంగ్లండ్ మనిషి, బెర్డాన్ అమెరికా మనిషి. చివరికి బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది, బెర్డాన్ పద్ధతి యూరప్‌లో నిలబడింది. అడుగున ముద్రలో వృత్తంలో కూడిక గుర్తు ఉంటే అది నాటో సైన్యాల కోసం చేసిన కేసు. ఇత్తడి మంచిదే, కానీ ప్రైమర్ ఊడిపోకుండా గుంట అంచును లోపలికి నొక్కి ఉంచుతారు. ఆ అంచును తీసేస్తేనే కొత్త ప్రైమర్ తిన్నగా కూర్చుంటుంది. మొదట్లో వాటిని పక్కన పెట్టుకోండి, చెయ్యి తిరిగాక చూడొచ్చు.

వెనక వైపు కూడా చూడండి. ప్రైమర్ చుట్టూ మసి వలయం ఉంటే అక్కడి నుంచి వాయువు కారిందని అర్థం. కొత్త ప్రైమర్ నొక్కేటప్పుడు ఏ అడ్డూ లేకుండా జారిపోతే గుంట వదులైంది, ఆ కేసు పని అయిపోయింది. మన పక్క లేన్‌లో కాల్చినవాళ్లు పోటీల కోసం 9 ఎం.ఎం. కేసులోనే మామూలు కంటే ఎక్కువ ఒత్తిడికి నింపుకునేవాళ్లు అయి ఉండొచ్చు. ఏరుకొచ్చిన ఇత్తడికి చరిత్ర ఉండదు. అందుకే నేను ఇప్పుడు ఎక్కువగా నా సొంత కేసులనే తిరిగి వాడతాను, ఏరుకున్నవాటిని విడి డబ్బాలో ఉంచి రెండింతలు పరీక్షిస్తాను. అడుగు దగ్గర ఒకవైపు ఉబ్బి కనిపించే కేసులు ఎక్కువగా .40 ఎస్ అండ్ డబ్ల్యూలో వస్తాయి. 1990లో వచ్చిన ఆ తూటాను తొలినాటి గ్లాక్ పిస్టళ్లలో కాల్చినప్పుడు, ఫీడ్ ర్యాంప్ (తూటా ఛాంబర్‌లోకి జారే వాలు) వైపు ఛాంబర్ ఆసరా తక్కువగా ఉండి, అక్కడ ఇత్తడి ఉబ్బేది. ఆ ఉబ్బును నొక్కి సరిచేసే డైలు అమ్ముతారు. నొక్కితే ఆకారం సరవుతుంది గానీ పోయిన బలం తిరిగి రాదని నా అభిప్రాయం. అలాంటివి నేను పారేస్తాను.

చీలికలు పట్టుకోవడానికి చెవి కూడా ఉపయోగపడుతుంది. కడిగి ఆరిన కేసులను గుప్పెడు తీసుకుని అరచేతిలో మెల్లగా కుదపండి. మంచి కేసులు గలగలమంటాయి. ఒక్కటి చీలినా ఆ గలగలలో బొంగురు ధ్వని వినిపిస్తుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. మూతి దగ్గరి చీలిక అంత ప్రమాదకరం కాదు, బుల్లెట్‌ను గట్టిగా పట్టుకోదంతే. అడుగు దగ్గరి చీలికతోనే భయం.

శుభ్రం చేయడంలో ఒక జాగ్రత్త. అమ్మోనియా కలిసిన మెటల్ పాలిష్‌లు అసలు వాడకండి, ఇత్తడి లోలోపల బీటలు వారుతుంది. ఇది తెలిసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక తీసి చూస్తే, కేసు బుల్లెట్‌ను పట్టుకునే చోట చీలి ఉండేది. అందుకే దానికి సీజన్ క్రాకింగ్ అని పేరొచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసినప్పుడు అందులో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చీలుస్తున్నాయని 1921లో తేల్చారు. కేసులకు వాడేది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న ఇత్తడి. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు చింతపండుతో తోమినట్టే ఇక్కడ చిటికెడు సిట్రిక్ యాసిడ్, గిన్నెలు తోమే సబ్బు వేసిన నీళ్లు సరిపోతాయి. ఎక్కువసేపు నానబెడితే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, జింకు పోయి పైన రాగి మిగులుతుంది. మెరుపు కోసం అంత కష్టపడక్కర్లేదు, మురికి పోతే చాలు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. పొడి టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే దుమ్ములో అదే ఉంటుంది. అందుకే నేను నీళ్లతోనే కడుగుతాను, గ్యారేజ్‌లోనే చేస్తాను. ఆ గిన్నెలు, జల్లెడ వంటింట్లోకి రానివ్వను. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకుంటాను. ఈ ఒక్క విషయంలో దయచేసి అశ్రద్ధ చేయకండి.

నింపాక ఒక పరీక్ష తప్పనిసరి. తూటాను పట్టుకుని బుల్లెట్ మొనను బల్ల అంచుకు ఆనించి బొటనవేలితో గట్టిగా తోయండి. తోయకముందు, తోశాక పొడవు కొలవండి. బుల్లెట్ లోపలికి జరిగితే ఆ తూటాను కాల్చకూడదు, జరిగిన కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. రకరకాల ముద్రలు కలిసిన కేసుల్లో గోడ మందం ఒకేలా ఉండదు కాబట్టి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. తర్వాత బారెల్ తీసి అందులో తూటాను వదలండి. టక్కుమని తన బరువుకే పూర్తిగా కూర్చోవాలి, తిరగేస్తే తనంతట తానే బయటికి జారాలి. పౌడర్ ఎంత అన్నది స్నేహితులు చెప్పే లెక్కతో వద్దు, నాతో సహా. అచ్చయిన లోడ్ మాన్యువల్ తెరిచి, అందులోని అతి తక్కువ లెక్కతో మొదలుపెట్టండి.

ఎన్నిసార్లు నింపవచ్చని కూడా అడిగారు. దానికి ఒక అంకె లేదండి. ఒత్తిడి తక్కువ కాబట్టి .45 చాలాసార్లు వస్తుంది. 9 ఎం.ఎం.లో నా కేసులు చెడిపోయేలోపే గడ్డిలో పడి పోతున్నాయి. లెక్క కంటే ప్రైమర్ ఎంత బిగువుగా కూర్చుంటోందో చూసుకోండి.

హెచ్1బి, ఎఫ్1 మీద ఉన్న తమ్ముళ్లు ఇది చదివితే ఒక మాట. ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లాయర్‌ను అడగకుండా అడుగు వేయకండి. గ్రీన్‌కార్డ్ ఉన్నా మీకూ ఒకటి: రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. మూల జేబులో మరిచిపోయిన ఒక్క తూటా చాలు, విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

మెట్టు కేసులు ఎన్ని తేలినా, ప్లయర్‌తో మూతి నొక్కేసి స్క్రాప్ డబ్బాలో వేయండి. అలాగే పారేస్తే రేపు ఇంకెవరో బకెట్ పట్టుకుని వచ్చి వాటినే ఏరుకెళ్తారు. నేను వాడిన ఆ కేసు కూడా అలా నేల మీద దొరికిందే.